నాలుగేళ్ల పరుగును ఎవరి చేతిలో పెట్టాలి: అమెరికా కాలేజీ కోచ్‌ల పద్ధతులపై చర్చ

ఫ్రిస్కో నాన్న (ప్రశ్న)

మా అబ్బాయి టెక్సస్‌లో హైస్కూలు చివరి సంవత్సరం చదువుతున్నాడు. తొమ్మిదో తరగతి నుంచి క్రాస్ కంట్రీ, అంటే ట్రాక్ మీద కాకుండా గడ్డి మీదా మట్టిబాటల మీదా సాగే దూరపు పరుగు, పరుగెడుతున్నాడు. రాష్ట్రంలో మొదటి వరసలో లేడు గానీ, ఏటా కొంత మెరుగవుతూ వస్తున్నాడు. ఇప్పుడు రెండు కాలేజీల కోచ్‌లు వాణ్ణి తమ జట్టులోకి రమ్మంటున్నారు. కొండ ప్రాంతంలో ఉన్న మొదటి కాలేజీ కోచ్, రెండో ఏడాదికల్లా వారానికి 85, 90 మైళ్లు పరుగెత్తిస్తామని, తట్టుకోగలిగినవాళ్లే చివరికి జట్టులో మిగులుతారని దాపరికం లేకుండా చెప్పారు. మైదాన ప్రాంతంలో ఉన్న రెండో కోచ్ మాత్రం వారానికి 50 మైళ్లు దాటనివ్వనని, మిగిలిన శ్రమంతా సైకిలు మీదా ఈతకొలనులోనూ చేయిస్తానని అన్నారు. ఇద్దరూ నమ్మకంగానే మాట్లాడారు, ఇద్దరూ తమ దగ్గర ఎదిగినవాళ్ల పేర్లు చెప్పారు. ఈ రెండు దారుల్లో ఏది సరైనదో, ఎందుకు సరైనదో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

కొండగాలి

ఫ్రిస్కో గారూ, మైళ్ల లెక్కతో ఇద్దరు కోచ్‌లను పోల్చబోతే ఈ చర్చ ఎప్పటికీ తెగదు. వారానికి వంద మైళ్లు పరుగెత్తినవారూ గెలిచారు, అందులో సగం కూడా పరుగెత్తనివారూ గెలిచారు. 2023 జాతీయ కాలేజీ క్రాస్ కంట్రీ పోటీలో మహిళల్లో మొదట వచ్చిన ఫ్లోరిడా విశ్వవిద్యాలయ విద్యార్థిని పార్కర్ వాల్బీ వారంలో చాలా రోజులు అసలు నేల మీద పరుగెత్తేది కాదు. ఆర్క్ ట్రైనర్ అనే యంత్రం మీదా, నీళ్లలోనూ గంటల తరబడి శ్రమించేది. మరుసటి ఏడాది ఆమె పారిస్ ఒలింపిక్స్ 10,000 మీటర్ల ఫైనల్లో 11వ స్థానంలో నిలిచింది. కొలరాడో విశ్వవిద్యాలయంలో కోచ్ మార్క్ వెట్‌మోర్ శిష్యుడు ఆడమ్ గౌచర్ 1998లో పురుషుల టైటిల్ గెలిచింది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన శిక్షణతో.

ఈ పద్ధతుల్లో చాలావాటికి మూలం ఒక్కచోటే ఉంది. న్యూజీలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యులందరి చేత, 800 మీటర్లు పరుగెత్తే పీటర్ స్నెల్ చేత కూడా, వారానికి వంద మైళ్లు పరుగెత్తించేవారు. ఆక్లాండ్ పక్కన కొండల్లో 22 మైళ్ల చుట్టు దారి వారి పొడవాటి పరుగుకు ఆనవాయితీ. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్బర్గ్ 5,000 మీటర్లలో స్వర్ణాలు గెలిచాక ప్రపంచమంతా ఆయన వైపు చూసింది. 1962లో ఒరెగాన్ విశ్వవిద్యాలయం కోచ్ బిల్ బోవర్‌మన్ న్యూజీలాండ్ వెళ్లి ఆయనను కలిశారు. అయితే తిరిగి వచ్చాక బోవర్‌మన్ ఆ వంద మైళ్లను తన పిల్లల నెత్తిన పెట్టలేదు. ఒక రోజు కఠినంగా, మరుసటి రోజు, అవసరమైతే ఆ పై రోజు కూడా తేలికగా పరుగెత్తాలన్న తన నియమాన్నే పట్టుకున్నారు. తేలిక రోజుల్లో కూడా ఆగలేక పరుగెత్తి అలసిపోతున్న కెన్నీ మూర్ అనే విద్యార్థిని పిలిచి, మూడు వారాల పాటు రోజుకు మూడు మైళ్లకు మించితే జట్టులో ఉండవని కట్టడి చేశారు. ఆ మూడు వారాలు ముగిశాక మూర్ రెండు మైళ్ల పోటీలో తన పాత సమయాన్ని చాలా దూరం వెనక్కి నెట్టాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ మారథాన్‌లో నాలుగో స్థానంలో వచ్చింది ఆ మూరే.

అదే లిడియార్డ్ నుంచి వెట్‌మోర్ తీసుకున్నది వేరు. కొలరాడో విశ్వవిద్యాలయం ఉన్న బౌల్డర్ ఊరే 1,650 మీటర్ల ఎత్తులో ఉంటే, అక్కణ్ణించి ఇంకా పైకి, 2,500 మీటర్లు దాటిన మాగ్నోలియా రోడ్డు మట్టిబాటకు జట్టును తీసుకెళ్లి ఆదివారపు పొడవాటి పరుగు పెట్టించేవారు. ఆ బాటలో చదునైన చోటంటూ దాదాపు ఉండదు. గాలి పలచన, ఒక మిట్ట ఎక్కి ఊపిరి అందుకునేలోగా మరో మిట్ట ఎదురవుతుంది. కొత్తగా చేరిన కుర్రవాడు మొదటి ఏడాది ఆ బాటలో వెనకబడడం మామూలే. అతడు ఎప్పటికి ముందువాళ్లను అందుకుంటాడన్న ప్రశ్నకు ఆ పద్ధతిలో జవాబు నెలల్లో ఉండదు, ఏళ్లలో ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. అమెరికా కాలేజీలో దూరపు పరుగు ఒక్క కాలానికి ఆగదు: ఆగస్టు నుంచి నవంబరు దాకా క్రాస్ కంట్రీ, చలికాలంలో ఇండోర్ ట్రాక్, మార్చి నుంచి జూన్ దాకా అవుట్‌డోర్ ట్రాక్. మూడు కాలాల్లోనూ కాలేజీకి పాయింట్లు కావాలి. లిడియార్డ్ చెప్పిన పునాదికి నెలల సమయం కావాలి. ఈ రెండింటి మధ్య కోచ్ ఏది వదులుకుంటాడన్నదే అతడి సిద్ధాంతం. కొందరు మొదటి ఏడాది పిల్లవాణ్ణి పోటీలకు పంపకుండా కేవలం సాధనలో ఉంచుతారు. దాన్ని రెడ్‌షర్ట్ అంటారు, నాలుగేళ్ల పోటీ అర్హతను ఐదేళ్లలో వాడుకునే వెసులుబాటు అది. మరికొందరు పద్దెనిమిదేళ్లవాణ్ణి సెప్టెంబరు నుంచి జూన్ దాకా ప్రతి పోటీలోనూ నిలబెడతారు. వారానికి 90 మైళ్లు అన్న కోచ్ ఆ సంఖ్యకు మూడేళ్లలో తీసుకెళితే అది ఒక పద్ధతి, ఒకటిన్నర ఏడాదిలో తీసుకెళితే మరొక పద్ధతి. 50 మైళ్లు అన్న కోచ్ కూడా అంతే. ఎముకలు గట్టిపడే దాకా ఆగి తర్వాత పెంచుతాడా, లేక ఆ తక్కువ మైళ్లలోనే పోటీ వేగంతో పిండేస్తాడా అన్నది అడగాలి. మీ అబ్బాయిని ఆ కోచ్ ఎన్నేళ్ల లెక్కన చూస్తున్నాడో తెలిస్తే, మిగిలినవన్నీ దాని వెంటే తెలుస్తాయి.

లెక్కలమనిషి

కొండగాలి గారు చరిత్రను చక్కగా చెప్పారు గానీ, ఫలితాలను పక్కన పెట్టి సిద్ధాంతాన్ని చర్చించడం నాకు సమ్మతం కాదు. 2013 నుంచి 2024 దాకా డివిజన్ వన్, అంటే కాలేజీ క్రీడల మూడు శ్రేణుల్లో పై శ్రేణి, పురుషుల క్రాస్ కంట్రీ జట్టు టైటిళ్లు పన్నెండు. అందులో కొలరాడోకు రెండు, ఫ్లాగ్‌స్టాఫ్‌లోని నార్తర్న్ అరిజోనాకు ఆరు, ప్రోవోలోని బ్రిగమ్ యంగ్‌కు రెండు. పన్నెండింట పది ఎత్తైన ఊళ్లకే వెళ్లాయి. మిగిలిన రెండు 2015లో సిరక్యూస్, 2023లో ఓక్లహామా స్టేట్ గెలిచాయి. ఫ్లాగ్‌స్టాఫ్ 2,100 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ కోచ్ మైక్ స్మిత్ దగ్గర పరుగెత్తిన నీకో యంగ్ 2024లో 10,000 మీటర్లను 27 నిమిషాల లోపు ముగించాడు. ఎక్కువ దూరం, ఎక్కువ ఎత్తు, తమకన్నా గట్టివాళ్లతో రోజూ కలిసి పరుగెత్తడం, ఈ మూడూ కలిసినచోట పిల్లలు ఎదుగుతారని ఇంతకన్నా ఏ లెక్క చెప్పాలి?

నార్వే నుంచి వచ్చిన డబుల్ థ్రెషోల్డ్ పద్ధతిని కూడా ఇక్కడ ప్రస్తావించాలి. ఒకే రోజున ఉదయమూ సాయంత్రమూ రెండు విడతలు, శక్తినంతా ఖర్చు చేయకుండా, రక్తంలో లాక్టేట్ (శ్రమ తీవ్రమైనకొద్దీ పెరిగే పదార్థం) ఒక హద్దు దాటకుండా పరుగెత్తిస్తారు. విడతల మధ్య చెవి తమ్మె మీదో వేలి కొస మీదో సూదితో గుచ్చి ఒక చుక్క రక్తాన్ని చిన్న యంత్రంలో కొలుస్తారు. దీనివల్ల ఎక్కువ శ్రమను తక్కువ గాయాలతో చేయించవచ్చునని ఇప్పుడు ఎన్నో కాలేజీ కోచ్‌లు నమ్ముతున్నారు. అంటే ఎక్కువ చేయించడమూ, అదుపులో ఉంచడమూ ఒకదానికొకటి విరుద్ధం కావు. తట్టుకోలేనివాళ్లు మిగలరని మొదటి కోచ్ ముందే చెప్పడం నిజాయితీ. ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను.

రాలీ అమ్మ

లెక్కలమనిషి గారు పురుషుల జాబితా ఒక్కటే చూపించారు. అవే పన్నెండేళ్ల మహిళల జాబితా కూడా తీసి చూడండి: ప్రావిడెన్స్, మిషిగన్ స్టేట్, న్యూ మెక్సికో, ఒరెగాన్, మళ్లీ న్యూ మెక్సికో, కొలరాడో, ఆర్కన్సా, బ్రిగమ్ యంగ్, వరసగా మూడేళ్లు మా ఊరి నార్త్ కరొలైనా స్టేట్, మళ్లీ బ్రిగమ్ యంగ్. ఇందులో ఎత్తైన ఊళ్లకు దక్కినవి ఐదే. మా రాలీలో కొండా లేదు, పలచని గాలీ లేదు, ఆగస్టులో విజయవాడను గుర్తుచేసే ఉక్కపోత మాత్రం ఉంది. ఎత్తే గెలిపిస్తుందన్నది సూత్రమైతే, అది ఆడపిల్లలకు ఎందుకు వర్తించలేదో ఆలోచించండి.

నేను అసలు రాయదలచుకున్నది ఇంకొకటి. కొండగాలి గారు పేర్కొన్న కొలరాడో జట్టు విషయంలో ఆ విశ్వవిద్యాలయమే విచారణ జరిపించింది. శరీరంలో కొవ్వు శాతాన్ని కొలిచే పరీక్షలు చెప్పుకోదగినంత మంది క్రీడాకారుల మీద చెడు ప్రభావం చూపాయని 2023లో వచ్చిన నివేదిక తెలిపింది. ఒరెగాన్‌లో కూడా 2021లో కొందరు అమ్మాయిలు ఇటువంటి కొలతల గురించే పత్రికలకు చెప్పుకొన్నారు. చేసిన శ్రమకు తగినంత ఆహారం అందకపోతే శరీరం ముందు నెలసరిని ఆపుతుంది, తర్వాత ఎముకల బలాన్ని తగ్గిస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి పేరు పెట్టి వివరించింది, మగపిల్లలకు కూడా ఇది వస్తుందని స్పష్టంగా చెప్పింది.

మా పెద్దమ్మాయి పరుగెత్తిన కాలేజీ పేరు ఇక్కడ రాయను. రెండో ఏడాది సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, చిన్నప్పటి నుంచి ముద్దపప్పూ ఆవకాయా కలుపుకుని తినే పిల్ల, అన్నాన్ని గరిటెతో కొలిచి సగం వెనక్కి పెట్టింది. వేసవి కాకముందే మోకాలి కింద ఎముకలో సన్నని చీలిక వచ్చింది. ఆ కోచ్ మైళ్లు ఎక్కువేమీ పరుగెత్తించలేదు. తక్కువ మైళ్ల కోచ్ అంటే సురక్షితమైన కోచ్ అని ఫ్రిస్కో గారు దయచేసి అనుకోవద్దు. జట్టుకు పోషకాహార నిపుణులు ఉన్నారా, వారు కోచ్‌కు జవాబు చెబుతారా లేక వైద్య విభాగానికి చెబుతారా అన్నది నేను మొదట అడిగే ప్రశ్న. "తట్టుకున్నవాళ్లే మిగులుతారు" అన్న మాటలో నాకు నిజాయితీ కనిపించలేదు. మిగలనివాళ్ల బాధ్యత తనది కాదని కోచ్ ముందే చెప్పేసినట్టు వినిపించింది.

వరంగల్ పీఈటీ

చర్చ అమెరికా కాలేజీల గురించే అయినా, కొండగాలి గారు చెప్పిన కాలం సంగతి ఇక్కడ మాకు బాగా తెలిసినదే. మా విశ్వవిద్యాలయాల్లో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు కొన్ని వారాల ముందు ఎంపిక పరుగు పెట్టి, గెలిచినవారితో ఒక చిన్న శిబిరం నడిపి, రైలెక్కించి పంపడమే ఎక్కువగా జరుగుతుంది. ఆ మాత్రం సమయంలో ఏ సిద్ధాంతమూ పనిచేయదు. మన దేశంలో దూరపు పరుగులో పైకి వచ్చిన అవినాశ్ సాబ్లే, గుల్వీర్ సింగ్ ఇద్దరూ సైన్యం నుంచి వచ్చినవారు. జీతం, తిండి, ఏళ్ల తరబడి సాధనకు అనుమతి అక్కడ దొరికాయి. ఆ తర్వాత ఇద్దరూ కొలరాడో స్ప్రింగ్స్‌లో స్కాట్ సిమన్స్ దగ్గర శిక్షణ పొందారు. గుల్వీర్ 2025లో 10,000 మీటర్లను 27 నిమిషాల 0.22 సెకన్లలో పరుగెత్తి జాతీయ రికార్డు నెలకొల్పాడు. అతడు కాలేజీ వయసులోనే ఆ వేగాన్ని అందుకోవాలని ఎవరైనా పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించగలను.

కొండగాలి

రాలీ అమ్మగారూ, మీ అమ్మాయి విషయం చదివి చాలా బాధ కలిగింది. మీరు చెప్పినది నా వాదనలో లేని ముక్క, దాన్ని పూర్తిగా అంగీకరిస్తున్నాను. వెట్‌మోర్ పొడవాటి పరుగుల్లో నేను మెచ్చుకునే ఓపిక ఉందన్నది ఎంత నిజమో, ఆ జట్టులో కొందరి శరీరాలను అంకెలుగా చూశారన్నదీ అంతే నిజం. ఏళ్ల తరబడి వేచి చూడగల కోచ్ కూడా ఒక పిల్ల తిండి విషయంలో తొందరపడవచ్చు.

లెక్కలమనిషి గారి పట్టిక మీద నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, ఆయన 2013 దగ్గర గీత గీశారు. కొంచెం వెనక్కి వెళితే, సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తులోనే ఉన్న ఆర్కన్సా ఫేయెట్‌విల్‌లో, ఐర్లాండ్ నుంచి వచ్చిన జాన్ మెక్‌డానల్ క్రాస్ కంట్రీలో 11, ఇండోర్‌లో 19, అవుట్‌డోర్‌లో 10, మొత్తం 40 జాతీయ టైటిళ్లు గెలిపించారు. రెండవది, టైటిళ్ల పట్టికలో గెలిచినవాళ్ల పేర్లు మాత్రమే ఉంటాయి. క్రాస్ కంట్రీలో ఒక జట్టు నుంచి ఏడుగురు పరుగెడతారు, మొదటి ఐదుగురి స్థానాలను కూడి తక్కువ వచ్చినవారిని విజేతలుగా ప్రకటిస్తారు. 2022లో నార్తర్న్ అరిజోనా, ఓక్లహామా స్టేట్ రెండూ 83 పాయింట్లతో సమానంగా నిలిచాయి. అప్పుడు మొదటివాడితో మొదటివాణ్ణి, రెండోవాడితో రెండోవాణ్ణి, అలా ఐదుగురినీ పోల్చి, ఎక్కువ మంది ముందున్న నార్తర్న్ అరిజోనాకు టైటిల్ ఇచ్చారు. నీకో యంగ్ ఎంత వేగంగా పరుగెత్తినా, నాలుగోవాడూ ఐదోవాడూ కాలు తడబడి ఉంటే ఆ కప్పు చేజారేది. కోచ్ పద్ధతిని అంచనా వేయాలంటే ఆ ఐదోవాణ్ణి చూడాలి. అతడు హైస్కూలు నుంచి వచ్చినప్పుడు ఎంత వేగంతో ఉన్నాడు, ఎన్నేళ్లకు జట్టులోకి వచ్చాడు?

ఈ విషయంలో నాకు అందరికన్నా ఎక్కువ గౌరవం ఉన్నది ఇద్దరి మీద. ఒకరు అలమోసాలోని ఆడమ్స్ స్టేట్ అనే చిన్న కాలేజీలో పనిచేసిన జో విజిల్. 1992లో డివిజన్ టూ జాతీయ పోటీలో ఆయన జట్టు మొదటి ఐదు స్థానాలనూ తానే తీసుకుని 15 పాయింట్లు సాధించింది. అంతకన్నా తక్కువ స్కోరు సాధ్యమే కాదు. మరొకరు షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో, నార్త్ సెంట్రల్ కాలేజీలో 1966 నుంచి పిల్లలను తీర్చిదిద్దిన అల్ కారియస్. డివిజన్ త్రీలో క్రీడా స్కాలర్‌షిప్‌లు ఉండవు. ఆనందం కోసం, సొంత ఉత్తమ సమయాల కోసం పరుగెత్తండి అన్నదే ఆయన జట్టు నినాదం, వచ్చినవాణ్ణి వచ్చినట్టు చేర్చుకున్న పెద్ద జట్టు, అయినా క్రాస్ కంట్రీలో జాతీయ టైటిళ్లు 19. ఆ జట్టులో ముప్పయ్యోవాడికి కూడా తన నిరుటి సమయం కన్నా బాగా పరుగెత్తడమనే లక్ష్యం ఉండేది కాబట్టి, ఆ ముప్పయ్యోవాడు మూడేళ్లకు ఏడోవాడయ్యే అవకాశం మిగిలేది.

ఆ అవకాశమే ఇప్పుడు ప్రమాదంలో ఉందన్నది నా ఆందోళన. కాలేజీ క్రీడాకారులు వేసిన దావాలో 2025లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం ప్రకారం, దానిలో చేరిన డివిజన్ వన్ కాలేజీలు స్కాలర్‌షిప్‌ల సంఖ్యపై ఉన్న పాత పరిమితులకు బదులు జట్టు పరిమాణంపై పరిమితి పాటించాలి. క్రాస్ కంట్రీకి ఆ సంఖ్య 17. స్కాలర్‌షిప్ లేకుండా, సొంత ఖర్చుతో జట్టులో చేరి నెమ్మదిగా ఎదిగే వాక్-ఆన్ పిల్లలకు ఇన్నాళ్లూ ఉన్న చోటు కుదించుకుపోతోంది. పద్దెనిమిదోవాడికి చోటు లేనప్పుడు, మూడేళ్ల తర్వాత పండబోయే కుర్రవాడి కోసం ఎదురుచూడమని ఏ కోచ్‌ను అడగగలం? ఫ్రిస్కో గారూ, మీ అబ్బాయి రాష్ట్రంలో మొదటి వరసలో లేడని, ఏటా మెరుగవుతున్నాడని రాశారు. నెమ్మదిగా ఎదిగే అటువంటివాడికి ఆ 17 అనే సంఖ్య మైళ్ల కన్నా ముఖ్యం. డివిజన్ టూ, త్రీ కాలేజీలను కూడా తప్పకుండా చూడండి.

లెక్కలమనిషి

మహిళల జాబితా విషయంలో రాలీ అమ్మగారి మాట నిలుస్తుంది. ఎత్తు గురించి నేను చెప్పినదాన్ని పురుషుల 10 కిలోమీటర్ల పోటీకి పరిమితం చేసుకుంటున్నాను. మెక్‌డానల్ రోజులకు, ఇప్పటికి పోటీ స్థాయిలో చాలా తేడా ఉందన్న మాట మాత్రం వదలను.

ఓపిక గురించి కొండగాలి గారు రాసినదానికి బలమైన ఉదాహరణ బ్రిగమ్ యంగ్‌లో ఉంది. అక్కడి విద్యార్థుల్లో చాలామంది తమ మత సేవ కోసం రెండేళ్లు చదువూ పరుగూ వదిలి వెళతారు. కానర్ మాంట్జ్ ఘానాలో ఆ సేవ ముగించి వచ్చి, కోచ్ ఎడ్ ఐస్టోన్ దగ్గర 2020, 2021 సీజన్ల జాతీయ క్రాస్ కంట్రీ టైటిళ్లు గెలిచాడు. పారిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో అతడు ఎనిమిదో స్థానంలో, అదే కోచ్ శిష్యుడు క్లేటన్ యంగ్ తొమ్మిదో స్థానంలో వచ్చారు. రెండేళ్ల విరామం వాళ్లను చెడగొట్టలేదు. కానీ దీని రెండో వైపు కూడా చూడాలి: ఇరవై నాలుగేళ్లవాడు పందొమ్మిదేళ్లవాడి పక్కన నిలబడి పరుగెడుతున్నప్పుడు, గెలిపించింది కోచ్ సిద్ధాంతమా, ఎక్కువైన ఆ ఐదేళ్ల వయసా అని వేరు చేసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఫ్రిస్కో నాన్న

అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరు కోచ్‌లకూ ఒకే ఉత్తరం రాశాను. నాలుగేళ్ల క్రితం మీ జట్టులో చేరిన పిల్లల్లో ఇప్పటికీ ఎంతమంది పరుగెడుతున్నారు, వాళ్లలో ఎంతమంది హైస్కూలు నాటి కన్నా మెరుగయ్యారు, ఎముకల గాయాలు ఎంతమందికి అయ్యాయి, పోషకాహార నిపుణులు ఎవరికి జవాబుదారీ, మొదటి ఏడాది రెడ్‌షర్ట్ ఇస్తారా అని అడిగాను. మైదానం కోచ్ ఆ రోజు సాయంత్రమే ఫోన్ చేసి, పేర్లు చెప్పకుండా, ఒక్కొక్కరి సమయాలూ గాయాలూ వివరించారు. ఆయన పిల్లల్లో ఇద్దరు మూడో ఏడాది నుంచి 70 మైళ్లు దాటుతున్నారట, 50 అన్నది మొదటి రెండేళ్లకేనట. కొండ ప్రాంతం కోచ్ నుంచి జవాబు ఇంకా రావలసి ఉంది.

లెక్కలమనిషి

ఆ ఉత్తరంలో ఇంకొక ప్రశ్న చేర్చండి. కొలరాడోను దాదాపు మూడు దశాబ్దాలు నడిపిన వెట్‌మోర్ 2024లో వెళ్లిపోయారు. అదే ఏడాది మైక్ స్మిత్ కూడా ఫ్లాగ్‌స్టాఫ్ కాలేజీ జట్టును వదిలి నైకీ జట్టుకు వెళుతున్నట్టు ప్రకటించారు. వాళ్లను చూసి చేరిన పిల్లలు మధ్యలో కొత్త కోచ్ చేతిలో పడ్డారు. మీతో మాట్లాడుతున్న కోచ్ ఒప్పందం ఇంకా ఎన్నేళ్లు ఉంది, ఆయన వెళ్లిపోతే మీ అబ్బాయి స్కాలర్‌షిప్ సంగతి ఏమిటి అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.